క్రైం నవల మీ చేతికిచ్చే ముందు ఇకపై చెప్పేవి, చెప్పనివి

పోయిన నెల ఒకావిడ ఒక పుస్తకం వెనక్కి తెచ్చారు. చాలా ఏళ్లుగా మా షాపుకు వస్తున్న మనిషి. అంతకు రెండు వారాల ముందు ఆ క్రైం నవల ఆవిడ చేతికిచ్చింది నేనే. "కథేంటని అడక్కండి, మొదలుపెడితే ఆపలేరు" అని కూడా అన్నాను. పుస్తకం మధ్యలో మా బిల్లు కాగితమే మడిచి గుర్తుగా పెట్టి ఉంది. తెరిచి చూస్తే మూడో అధ్యాయం. అక్కడ ఒక చిన్న పిల్లాడి శవం దొరుకుతుంది. ఆవిడ బంధువుల ఇంట్లో ఆ మధ్యే ఒక బిడ్డ పోయిందన్న సంగతి నాకు తెలియదు. ఆవిడ కోప్పడలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే తీసుకునేదాన్ని కాదండీ" అన్నారంతే. డబ్బు వద్దు, ఇంకో పుస్తకం ఇవ్వమన్నారు.

సరేనని అలమరా దగ్గరికి వెళ్లాను. పిల్లల చావు లేని క్రైం నవల వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నెమ్మదిగా సాగే పుస్తకమని ఎంతోమందికి ఇచ్చిన ఆంథొనీ హొరోవిట్జ్ 'మ్యాగ్‌పై మర్డర్స్'లో కూడా, ఎప్పుడో నీళ్లలో మునిగి చనిపోయిన పిల్లాడి కథ ఒకటి ఉంది. జానిస్ హాలెట్ రాసిన 'ది అప్పీల్' తీయబోయి ఆగిపోయాను. నాటకాల బృందం, వాళ్ల మధ్య నడిచే ఈమెయిళ్లు, మెసేజీలతోనే కథంతా నడుస్తుంది, చాలా హుషారుగా ఉంటుంది. కానీ అందులో వాళ్లు చందాలు పోగుచేసేది జబ్బు పడిన ఒక పసిపాప కోసం. ఆవిడ చేతిలో ఏమీ పెట్టలేకపోయాను. "తొందరేం లేదు, చూసి చెప్పండి, మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయారు.

అప్పుడు ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదంటే, కథ బయటపడిపోతుందని భయం. క్రైం నవలలు అమ్మేవాళ్లందరికీ ఉండే భయమే. కానీ "చివర్లో ట్విస్ట్ అదిరిపోతుంది" అని మాత్రం ఈ నోటితోనే లెక్కలేనన్ని సార్లు చెప్పాను. చెప్పాల్సింది దాచాను, దాచాల్సింది చెప్పాను. ట్విస్ట్ ఉందని ముందే వింటే పాఠకుడు మొదటి పేజీ నుంచే అందరినీ అనుమానంగా చూస్తాడు. రచయిత ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చిన నమ్మకం నిలబడదు. పిల్లాడు చనిపోతాడని తెలిస్తే మాత్రం కథకు ఏ నష్టమూ లేదు. చదవాలో వద్దో తేల్చుకునే వీలు చదివేవాళ్లకు ఉంటుంది.

ఈ తేడా నాకు బాగా అర్థమైంది బెంజమిన్ స్టీవెన్సన్ 2022లో రాసిన 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్' మళ్లీ చదివాక. ఏ పేజీల్లో చావులు ఉన్నాయో కథ చెప్పే మనిషి మొదట్లోనే అంకెలతో సహా రాసిస్తాడు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, నేరం చేసింది డిటెక్టివే కాకూడదు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, ఇలాంటివి. స్టీవెన్సన్ ఆ నియమాల్ని ఎదురుగా పెట్టుకుని మరీ కథ నడుపుతాడు. ఈసారి ఆ పేజీ నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని చదివాను. ఆ పేజీ దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరిగిందే కానీ తగ్గలేదు. కీగో హిగాషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' 2005 నాటిదే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. హత్య మొదటి అధ్యాయంలోనే కళ్లముందు జరిగిపోతుంది, ఎవరు చేశారో కూడా తెలిసిపోతుంది. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు దాన్ని ఎలా కప్పిపుచ్చుతాడో చూస్తూ మనం చివరిదాకా వెళ్తాం.

అందుకే ఈ నెల నుంచి మా దగ్గరి క్రైం నవలల్లో ఒక చిన్న చీటీ ఉంటుంది. పిల్లల మీద, ఆడవాళ్ల మీద హింస ఉందా, ఉంటే కళ్లముందు జరుగుతుందా లేక జరిగిందని తెలుస్తుందా, ఆత్మహత్య ఉందా, సిరీస్ అయితే ఎక్కడ మొదలుపెట్టాలి, కథ ఊపందుకోవడానికి ఎన్ని పేజీలు పడుతుంది, ఇవే అందులో ఉంటాయి. ట్విస్ట్ అన్న మాట ఉండదు. ఇవేవీ ముందే తెలియడం వద్దనుకునేవాళ్ల కోసం చీటీ మడిచే పెడతాం. మేం పూర్తిగా చదవని పుస్తకానికి చీటీ రాయం, కాబట్టి కొన్నాళ్లు చాలా పుస్తకాలు చీటీ లేకుండానే కనిపిస్తాయి. ఒక మాట ఒప్పుకోవాలి. పోయిన ఏడాది బాగా ప్రచారం జరిగిన ఒక థ్రిల్లర్‌ను చదవకుండానే ఎక్కువ కాపీలు తెప్పించి, చదివినట్టే మాట్లాడి అమ్మాను. తర్వాత చదివితే నాకు నచ్చలేదు. మళ్లీ అలా చేయను.

ఇప్పటిదాకా చీటీ రాసినవాటిలో నా మనసు పట్టేసింది లిజ్ మూర్ 'ది గాడ్ ఆఫ్ ది వుడ్స్', 2024లో వచ్చింది. 1975 ఆగస్టు, అడవి మధ్యలో పిల్లల వేసవి క్యాంపు. తెల్లవారుజామున ఒక మంచం ఖాళీగా ఉంటుంది. కనిపించకుండా పోయిన పదమూడేళ్ల బార్బరా ఆ క్యాంపు యజమానుల కూతురే. 14 ఏళ్ల క్రితం ఆమె అన్న కూడా అదే అడవిలో మాయమయ్యాడు. ఒక పిల్ల ఏమైందన్న ప్రశ్న పట్టుకుని రచయిత్రి ఆ డబ్బున్న ఇంటి లోపలికి, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల ఇళ్లలోకి తీసుకెళ్తుంది. తల్లి ఆలిస్ గురించిన భాగాలు చదువుతూ నేను రెండుసార్లు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆమె మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు. కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, అధ్యాయం పైన ఉన్న సంవత్సరం చూసుకుంటూ చదవండి. పెద్ద పుస్తకం, మొదటి 80 పేజీలు ఓపిక పట్టాలి. తప్పిపోయిన పిల్లల కథ అని చీటీలో మొదటి మాటే రాశాను.

ఉకెట్సు 'స్ట్రేంజ్ పిక్చర్స్' దీనికి పూర్తిగా వేరు. జపాన్‌లో 2022లో వచ్చి, 2025లో జిమ్ రియన్ అనువాదంతో ఇంగ్లీషులోకి వచ్చింది. రచయిత ఎవరో తెలియదు, తెల్ల ముసుగు, నల్ల బట్టలతోనే జనానికి కనిపిస్తారు. ఇందులో ఆధారాలన్నీ బొమ్మల్లో ఉంటాయి. మొదటిసారి నేను బొమ్మ దగ్గర ఆగకుండా పేజీ తిప్పేసి, నాలుగు పేజీలు పోయాక వెనక్కి రావాల్సి వచ్చింది. మీరు ఆగి చూడండి, కనీసం ఒక నిమిషం. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. కాన్పులో చనిపోయిన స్త్రీ కథ ఉంది, గర్భిణులు ముందుగా చీటీ చూడండి.

ఎస్.ఎ. కాస్బీ 'ఆల్ ది సిన్నర్స్ బ్లీడ్' (2023) ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వను. అమెరికాలోని వర్జీనియాలో ఊహించిన ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. అక్కడ షెరీఫ్‌గా, అంటే పోలీసు అధికారిగా, ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి టైటస్ క్రౌన్. రచన చాలా బలమైనది, టైటస్‌ను మర్చిపోలేరు. కానీ బలైనవాళ్లు పిల్లలు, హింస గురించి దాపరికం లేకుండా రాశాడు. అడిగినవాళ్లకు ఈ రెండు మాటలూ చెప్పాకే ఇస్తాను.

రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' గురించి నా పాత మాట దిద్దుకోవాలి. వయసు మళ్లిన నలుగురు స్నేహితులు హత్యల గుట్టు విప్పే సిరీస్ ఇది. 2020లో మొదలై 2025లో ఐదో పుస్తకం దాకా వచ్చింది. అందరికీ "తేలికగా ఉంటుంది" అని ఇచ్చాను. నవ్విస్తుంది, నిజమే. అయితే ఆ నలుగురిలో ఎలిజబెత్ అనే ఆవిడ భర్త మతిమరుపు జబ్బుతో కొద్దికొద్దిగా దూరమైపోతుంటాడు. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లకు అది తేలికైన విషయం కాదు. కొందరికి అదే ఓదార్పు అయింది, నాతో చెప్పారు కూడా. మొదటి పుస్తకం నుంచే వరసగా చదవండి.

ఇంక ఆవిడ సంగతి. ఈ నెలంతా రాత్రిళ్లు ఆవిడను మనసులో పెట్టుకునే చదివాను. ఐదు పుస్తకాలు పక్కన పెట్టాక ఆరోది కుదిరింది. చివరి పేజీ దాకా చదివి, చీటీ రాసి, మడవకుండా లోపల పెట్టి, బల్ల కింద అరలో ఉంచాను. దాని పేరు ముందు ఆవిడకే చెప్పాలి.