కమ్యూనిటీ హాళ్ల మీద సోలార్: బస్తీ సంఘాలకు అవకాశం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది. 2024లో మొదలైన ఈ పథకం మంచిదే. కానీ సొంత మేడ లేనివాళ్ల సంగతేమిటి? రేకుల ఇళ్లు, అద్దె వాటాలు, ఒకే మేడను నలుగురు అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లు విజయవాడలో మా సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ఎన్నో ఉన్నాయి. పైగా నెలకు 75 యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ ధర 3 రూపాయలు దాటదు. అంత చిన్న బిల్లు తగ్గించుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకోమని ఎవరికి చెప్పగలం? ఇలాంటివాళ్లకు సోలార్ అందాలంటే సంఘం ద్వారానే అందాలి.

అందుకు చోటు మన కళ్లముందే ఉంది. కార్పొరేషన్ కట్టించిన కమ్యూనిటీ హాళ్ల మేడలు ఏడాది పొడుగునా ఖాళీగా ఎండుతున్నాయి. 500 చదరపు అడుగులుంటే 5 కిలోవాట్లు పెట్టొచ్చు. మన ఎండకు రోజుకు దాదాపు 20 యూనిట్లు వస్తాయి. ఆ కరెంటుతో డ్వాక్రా మహిళలు హాల్లోనే కుట్టు మిషన్లు, పిండి గ్రైండర్లు నడుపుకోవచ్చు. మిగిలింది, వచ్చిన కరెంటునూ పోయిన కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు, అంటే కరెంటు లైన్లలోకి పోతుంది.

నేను ఇంత గట్టిగా అడగడానికి ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇళ్ల మీదికి వచ్చినప్పుడు షాక్ కొడుతుందని కరెంటు తీసేశారు. అది తప్పదు. కానీ ఫోన్లన్నీ చచ్చిపోయాయి. పై అంతస్తులో పసిపిల్లలతో చిక్కుకున్నవాళ్లు పడవ ఎటు వస్తోందో తెలుసుకోలేకపోయారు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు తాము బతికే ఉన్నామని చెప్పుకునే దారి లేదు. డ్రోన్లతో అన్నం పొట్లాలు అందాయి గానీ ఒక్క ఫోన్‌కు చార్జింగ్ దొరకలేదు.

సోలార్ ఉంటే ఆ ఇబ్బంది ఉండదని చాలామంది అనుకుంటారు. నిజానికి కరెంటు లైన్‌కు కలిపి పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు ప్రమాదం రాకుండా అలా తయారుచేశారు. కాబట్టి కమ్యూనిటీ హాళ్లకు బ్యాటరీ, లైన్‌లో కరెంటు లేకపోయినా దాంతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఇవ్వాలి. వాటిని కింద గదిలో పెడితే మొదట మునిగేవి అవే. మేడ మీద చిన్న గది కట్టి అందులో పెట్టాలి. అప్పుడు చుట్టూ నీళ్లున్నా ఫోన్ల చార్జింగ్‌కు, నాలుగు లైట్లకు, ఇన్సులిన్ పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌కు కరెంటు ఉంటుంది.

ఇప్పుడున్న పద్ధతిలో ఇది కుదరడం లేదు. అపార్ట్‌మెంట్ సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది. సూర్యఘర్ నివాసాలకు ఉద్దేశించింది కాబట్టి బస్తీలోని హాలు అందులోకి రాదు. మా కాలనీ సంఘం తరఫున అడిగితే బిల్డింగ్ ఒకరిది, మీటర్ ఇంకొకరి పేరు మీద ఉంది, సంతకం ఎవరు పెట్టాలో తేల్చుకుని రండి అన్నారు. ఆఫీసుల చుట్టూ తిరగడం తప్ప ఏమీ తేలలేదు. పనులు మానుకుని వచ్చే ఆడవాళ్లను ఇలా ఎంతకాలం తిప్పుతారు?

సంఘాలు కరెంటు వ్యవహారం నడపగలవా అని అనుమానపడేవాళ్లు కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి వైపు చూడాలి. అక్కడ గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు దశాబ్దాల పాటు కరెంటు పంపిణీ చేశాయి. గుజరాత్‌లోని ఢుండీ గ్రామంలో ఆరుగురు రైతులు 2016లో సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకుని, పొలానికి పోగా మిగిలిన కరెంటును డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు అమ్మారు. నెలనెలా పొదుపు కట్టి, బ్యాంకు వాయిదాలు తప్పకుండా తీర్చే మన డ్వాక్రా అక్కచెల్లెళ్లు ఎందులో తక్కువ?

ఒక్క విషయం మాత్రం మొదటే తేల్చుకోవాలి. సోలార్ పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి, ఇన్వర్టర్ అంతకాలం రాదు. మధ్యలో మార్చాలి. బ్యాటరీ సంగతీ అంతే. మన రోడ్ల దుమ్ముకు పలకలను తరచూ కడగాలి, అదీ ఎండ ఎక్కకముందే. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లటి మరకలు కట్టి రాబడి తగ్గిపోతుంది. అందుకని బిల్లులో ఆదా అయిన సొమ్ములో కొంత సంఘం పేరున విడిగా బ్యాంకులో వేయాలి. బస్తీలోనే ఇద్దరు ముగ్గురికి నిర్వహణలో శిక్షణ ఇచ్చి, ఆ పనికి జీతం కూడా ఆ డబ్బులోంచే ఇవ్వాలి. ప్రారంభోత్సవం రోజున శిలాఫలకం వేసి వదిలేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

నగరపాలక సంస్థ, కరెంటు పంపిణీ చేసే సీపీడీసీఎల్, పట్టణ మహిళా సంఘాలను చూసే మెప్మా అధికారులు ఒకచోట కూర్చుని, హాలు మేడను మహిళా సంఘాల సమాఖ్యకు దీర్ఘకాలం లీజుకిచ్చేలా, మీటర్ సమాఖ్య పేరుకు మారేలా ఒక ఉత్తర్వు ఇవ్వాలి. బుడమేరు పక్క డివిజన్లలో ముందు మొదలుపెట్టి, వచ్చే వానాకాలంలోపు డివిజన్‌కు ఒక్క హాలునైనా బ్యాటరీతో సిద్ధం చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– కాలనీ సంక్షేమ సంఘం సభ్యురాలు,
పాయకాపురం, విజయవాడ