తాళం వేసిన మరుగుదొడ్డి, ఎవరూ చెప్పని వ్యాయామం

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మూత్రం ఆపుకోలేని బాధ గురించి వేశారు. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగి ఇవాళ రాస్తున్నాను. సగం పేజీ ఆపరేషన్లు, కిందే డైపర్ల ప్రకటన, వ్యాయామానికి ఒక్కటంటే ఒక్క వాక్యం. ఇదేం పొదుపండీ?

రెండో కాన్పు తర్వాత నాకు తుమ్మినా దగ్గినా చీర తడిసేది. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు తలెత్తకుండానే ‘ఈ వయసులో మామూలేనమ్మా’ అన్నారు. వయసుకు మందు లేదట గానీ ఫీజు ఉంది.

దారి చూపింది ఫిజియోథెరపీ చదివిన మా తోడికోడలి కూతురు. కింది నుంచి గాలి పోకుండా ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే బిగించి, కాసేపు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట, పిరుదులు కదలకూడదు. విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. కీగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే దీని గురించి రాశాడు. దాంతోపాటు టీలు తగ్గించాను, మలబద్ధకం లేకుండా చూసుకున్నాను. గంటకోసారి మరుగుదొడ్డికి పరుగెత్తేదాన్ని, చీటీ మీద టైము రాసుకుంటూ ఆ వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు తుమ్ము వస్తే గోడ పట్టుకోవడం లేదు. అందరికీ ఇలాగే పూర్తిగా తగ్గుతుందనను. రక్తం, మంట ఉంటే ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కానీ పైసా ఖర్చులేని పని ముందు చెప్పడానికి ఎవరికీ నోరు రాదేం?

బాలింతకు నడికట్టు కట్టండి, కాయం పెట్టండి అని చెప్పడానికి ఇంటినిండా పెద్దలే. ఆశా కార్యకర్తలతో ఈ మాట కూడా చెప్పించవచ్చుగా! వాళ్లకేమో రిజిస్టర్లు నింపడంతోనే సరిపోతోంది.

ఇక మా బస్టాండు. ఆడవాళ్లకు బస్సు ఉచితం, మంచిదే. దిగితే మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఉన్నాయన టీ తాగడానికి వెళ్లాడు. స్వచ్ఛత ఫ్లెక్సీ మాత్రం ఆ తలుపు పక్కనే కట్టారు. ఈ భయానికి ప్రయాణం రోజు నీళ్లే ముట్టని వాళ్లు నాకు పదిమంది తెలుసు. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా తొందరపెడుతుందని వాళ్లకు ఎవరు చెబుతారు? మీరే చెప్పాలి, ఈసారి ప్రకటన కాస్త చిన్నది చేసి.

— ఒక రిటైర్డ్ లెక్కల టీచరు
(పేరు వేయకండి. మా వీధిలో అందరూ మీ పేపరే వేయించుకుంటారు.)