వడదెబ్బకు ఐసు ఎవరిస్తారు?

సంపాదకుల వారికి,

మీ పేపర్లో వాతావరణ సదస్సు వార్త వస్తే చివరిదాకా చదువుతాను. మాది పల్నాడు, ఎండలు ముదిరితే అదే పేపర్లో మా పక్కనున్న రెంటచింతల పేరు రాని రోజుండదు, ఆ ఎండల్లోనే నేను మెడికల్ షాపు నడుపుకుంటున్నాను, అందుకని. అయితే ఆ వార్తల్లో డాలర్ల లెక్క ఉంటుంది గానీ ప్రాణాల లెక్క ఎక్కడా తగలదు. దాని గురించే ఈ ఉత్తరం.

2015 మే నెల గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారని సర్కారు లెక్కలే చెప్పాయి. ఆ లెక్కలోకి కూడా ఎక్కని మనిషి ఒకాయన మా వీధిలో ఉండేవాడు, తాపీ మేస్త్రి. మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీంచి దించితే ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చుక్క చెమట లేదు, మాట తడబడుతోంది. ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైన్ పెట్టారు, ఒళ్లు చల్లబరచడానికి ఐసు మాత్రం లేదన్నారు. నేనే బండి మీద సోడా కొట్టుకు పోయి ఐసు గడ్డ కొని గోనె సంచిలో చుట్టి తెచ్చేసరికి అది సగం కరిగి నా ప్యాంటంతా తడిసింది, మనిషి అప్పటికే లేడు. ఆ సాయంత్రమే మట్టి చేసేశారు. తర్వాత ఎవరో చెప్తే పరిహారం కోసం తిరిగారు. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు, ముగ్గురూ కలిసి వడదెబ్బే అని రాయాలట, దానికి పోస్టుమార్టం కావాలట. అది చేయించలేదు కాబట్టి కాగితాల ప్రకారం ఆయన ఎండకు పోలేదు, ఊరికే పోయాడు.

ఇక పెద్దవాళ్ల లెక్కకు వద్దాం. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 కల్లా ఏటా 100 బిలియన్ డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్ సదస్సులో మాటిచ్చాయి. నిలబెట్టుకున్నది 2022లో, అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకూ సదస్సులో కూర్చుని 2035 కల్లా ఏటా 300 బిలియన్లు అన్నారు, పేద దేశాలు అడిగింది 1.3 ట్రిలియన్లు. మన దేశం తరఫున వెళ్లిన చాందినీ రైనా గారు అక్కడే ఇదంతా కనికట్టు అన్నట్టు మాట్లాడారు, బాగా అన్నారు.

సరే, వచ్చినకాడికైనా ఆరోగ్యానికి ఎంత? అంతర్జాతీయ సంస్థల ద్వారా అందే వాతావరణ నిధుల్లో 0.5 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వంద నోటులో అర్ధ రూపాయి! 2023లో దుబాయ్ సదస్సులో మొదటిసారి ఆరోగ్యానికని ఒక రోజు కేటాయించారు, 2025లో బ్రెజిల్‌లోని బెలెమ్‌లో ఏకంగా ఒక ప్రణాళికే ప్రకటించారు, తీరా దానికి 300 మిలియన్ డాలర్లు ఇస్తామని ముందుకొచ్చింది దాతల సంస్థలు.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. సోలార్ ప్లాంటుకు అప్పిస్తే కరెంటు అమ్మి తిరిగి కడతారు, వడదెబ్బ తగిలిన మనిషిని చల్లబరిచే ఐసు నీళ్ల టబ్బు ఏం అమ్మి కడుతుంది? బతికి ఇంటికెళ్లిన మేస్త్రికి మీటరు ఉండదు కదా. అసలు మన రాష్ట్రానికి ఏమీ రాలేదని కూడా అనను. మడ అడవులకు, పీతల పెంపకానికి కోస్తా జిల్లాలకు గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే అంతర్జాతీయ వాతావరణ నిధి డబ్బు వచ్చింది, 2018లో ఒప్పుకున్న ఆ ప్రాజెక్టులో ఒడిశా, మహారాష్ట్రలతో పాటు మనమూ ఉన్నాం, మంచి పనే. కాకపోతే తుఫానుకు అడ్డం మడ చెట్టు ఉన్నట్టు ఎండకు అడ్డం ఏముంది?

ఆరోగ్యం రాష్ట్రాల బాధ్యత, వాళ్లనీ వీళ్లనీ అడగడమెందుకు అంటారు కొందరు. ఈ ఎండను ఇంతగా పెంచిన పొగలో మా మేస్త్రి వాటా ఎంతండీ, ఆయనకున్నది ఒక పాత సైకిలు.

పోనీ ఇదేమన్నా రాకెట్ పంపడమా అంటే కాదు. అహ్మదాబాద్‌లో 2010 మే ఎండలకు మామూలు కంటే 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయాక, 2013లో మున్సిపాలిటీ వాళ్లు ముందస్తు హెచ్చరికలు, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ మొదలుపెట్టారు, ఏటా వెయ్యికి పైగా ప్రాణాలు నిలిచాయని తర్వాత అధ్యయనంలో తేలింది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో 2024 వేసవికి వడదెబ్బ రోగుల కోసం పెద్ద టబ్బులు, ఐసు మెషిన్ పెట్టారు. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలు చేసింది, సంతోషం, కానీ అది పోయాక వచ్చే డబ్బు. టబ్బూ ఐసూ పోకముందువి.

మీకు నాదో విన్నపం. వచ్చే మార్చిలో మీ విలేకరులను మండలానికొక ఆస్పత్రికి పంపించి ఐసు ఉందా, మనిషి పట్టే టబ్బు ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని అడిగించి ఆ జాబితా అచ్చు వేయండి. ఢిల్లీ నుంచి సదస్సుకు వెళ్లేవాళ్ల చేతిలో అది ఉంటే అడగడానికి ఒక కాగితం ఉంటుంది. ఈలోగా నేను షాపులో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ పై అరలో మే నెలంతా నీళ్ల సీసాలు గడ్డ కట్టించి ఉంచుతున్నాను. కరెంటు ఉన్నంతవరకు, ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్లొచ్చు.

– మీ పాఠకుడు, పల్నాడు జిల్లా