నాణేల విభాగం: ఈ ఏడాది లెక్క

సభ్యులందరికీ నమస్కారం. నాలుగు సమావేశాలు పెడతామని నెదర్లాండ్స్‌లోని మన సంఘానికి మాటిచ్చాం, జరిగినవి మూడే. హాలు దొరక్క నాలుగోది పోయింది, తప్పు మాదే.

ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు సంతలో (ఆ రోజు ఎవరైనా వీధిలో దుప్పటి పరిచి పాత సామాన్లు అమ్ముకోవచ్చు) ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత గిల్డర్లు (యూరోకి ముందు ఇక్కడ చెల్లిన నాణేలు) కొన్నాం. ఏడాదంతా ఆ డబ్బాతోనే గడిచింది. పిల్లలకి ఒకటే ఆట పెట్టాం: బొమ్మ ఎటు చూస్తోంది? రాణి బియాట్రిక్స్ ఎడమకి, ఆమె తల్లి యూలియానా కుడికి, అమ్మమ్మ విల్‌హెల్మినా మళ్లీ ఎడమకి. గద్దె మారితే మొహమూ తిరుగుతుంది, అందుకే ఇప్పటి యూరో నాణేల మీద రాజు విల్లెమ్-అలెగ్జాండర్ కుడికి చూస్తారు. 1980 గిల్డర్ మీద మాత్రం తల్లీకూతుళ్లు ఇద్దరూ ఉంటారు, యూలియానా కూతురికి గద్దె అప్పగించిన ఏడాది అది.

అందరికీ బాగా నచ్చింది విల్‌హెల్మినా వరస. 1890లో పదేళ్లకే రాణి అయింది కదా, మొదటి నాణేల మీద జుట్టు విరబోసుకున్న చిన్నపిల్ల, తర్వాత కిరీటం, ఆ తర్వాత పెద్దావిడ. స్కూలు గ్రూపు ఫొటోలు వరసగా పెట్టి చూసినట్టుంది. జర్మన్ల ఆక్రమణలో ఆమె లండన్‌లో ఉంటే ఇక్కడ జింకు చిల్లర కొట్టారు, దాని మీద రాణి బొమ్మే లేదు.

బందరు నుంచి వచ్చిన ఒక సభ్యుడు డచ్ ఈస్టిండియా కంపెనీ రాగి డ్యూట్ (చిల్లర నాణెం) తెచ్చాడు. దాని మీదా ఏ రాజూ లేడు, కంపెనీ గుర్తే ఉంది. అప్పట్లో నెదర్లాండ్స్ రిపబ్లిక్ మరి, రాజ్యం అయింది 1815లో. ఆ కంపెనీవాళ్లు మన మచిలీపట్నంలో దిగింది 1605లో.

ఇక బాధ కలిగించిన విషయం. మనలో ఒకరు (పేరు చెప్పను, అలిగిపోతారు) యూలియానా వెండి గిల్డర్‌ని ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమేశారు. తళతళా మెరుస్తోంది గానీ సేకరణదారులెవరూ ఇప్పుడు దాని మొహం చూడరు. దయచేసి నాణేలు తోమకండి, కడగకండి.

ఇంట్లో గిల్డర్లుంటే మార్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. నాణేలకి గడువు 2007 జనవరి 1తోనే అయిపోయింది, నోట్లలో చాలావాటికి మాత్రం 2032 జనవరి 1 దాకా కేంద్ర బ్యాంకు యూరోలిస్తుంది.

చందాలు ఇంకా బాకీ ఉన్నాయి. డబ్బా సొమ్ము కోశాధికారి సొంత జేబులోంచి పెట్టారు, వచ్చే సమావేశం లోపు ఆయనకి ఇచ్చేద్దాం.