పాఠకుల సంఘం వార్షిక నివేదిక: రాబోయే నవలలు, వాటి ముఖచిత్రాలు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది. లేకపోయినా ఈసారి చదివేదాన్నే. ఈ ఏడాది పని చాలా జరిగింది, చేసినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది ఏం చేశారో మిగతావాళ్ల చెవిన పడాలి కదా. నివేదిక కాస్త పొడవైంది, ఓపిక పట్టండి.

నెలవారీ సమావేశాలు దాదాపు అన్నీ జరిగాయి. కోరం లేక మధ్యమధ్య వాయిదా పడ్డవి ఉన్నాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ చదవను.

ముందుగా రాబోయే నవలల జాబితా. ప్రచురణకర్తల ప్రకటనలు, పత్రికల్లో పూర్తి కావస్తున్న సీరియళ్లు, రచయితలు సభల్లో స్వయంగా చెప్పినవి, అన్నీ ఒకచోట చేర్చి నెలనెలా దిద్దుతూ వచ్చిన ఇద్దరు సభ్యులకి సంఘం రుణపడి ఉంది. ఎప్పట్లాగే ఆ పట్టికలో అన్నిటికంటే పొడుగైన గడి ‘వాయిదా’. ఒక నవల అయితే పట్టికలో చేరినప్పటి నుంచీ ఆ గడి దాటి రాలేదు. దాని రచయితకి మన సంఘం తరఫున ఉత్తరం రాసి, మూడో భాగం ఎప్పుడిస్తారో నిలదీయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం తిరస్కరించింది. నేనూ వ్యతిరేకంగానే చెయ్యెత్తాను. ఎదురుచూడటం మన సరదా, రాయడం ఆయన కష్టం. మన సరదా కోసం ఆయన మెడ మీద కత్తి పెట్టలేం.

అసలు పుస్తకం రాకముందే అట్ట ఎలా వచ్చేస్తుందని కొత్త సభ్యులు ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నారు. పుస్తకాల షాపులు, పంపిణీదారులు ముందుగానే ఆర్డర్లు పెట్టాలి. వాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. అందుకని రచయిత ఇంకా చివరి అధ్యాయాలు దిద్దుకుంటుండగానే చిత్రకారుల దగ్గర అట్ట సిద్ధమవుతుంది. చాలాసార్లు వాళ్ల చేతికి అందేది కథ సారాంశం, ఒకటి రెండు అధ్యాయాలు, అంతే. ఒక్కోసారి ఇది తిరగబడుతుంది కూడా. 1925లో వచ్చిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’కి ఫ్రాన్సిస్ క్యూగాట్ వేసిన బొమ్మ, నవల పూర్తికాకముందే తయారైంది. నీలి ఆకాశంలో తేలే రెండు కళ్లు, కింద వెలుగుల నగరం. ఆ అట్టని ఇంకెవరి పుస్తకానికీ ఇవ్వొద్దు, దాన్ని నవల్లోకి రాసేసుకున్నానని రచయిత ఫిట్జ్‌గెరాల్డ్ తన సంపాదకుడికి ఉత్తరం రాశాడు. ఈ సంగతి ఫిబ్రవరి సమావేశంలో చెప్పినప్పుడు హాల్లో కాసేపు గోలగోలగా చర్చ నడిచింది. ఆ రోజు రానివాళ్లు మంచి సాయంత్రం పోగొట్టుకున్నారు.

ఇక ఊహల కవర్లు. పద్ధతి మీకు తెలిసిందే. అట్ట విడుదల కాగానే, దాన్ని బట్టి కథ ఏమై ఉంటుందో ఎవరి ఊహ వాళ్లు చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటిస్తాం. నవల వచ్చి అందరూ చదివాక విప్పుతాం. ఈ ఏడాది విప్పినవాటిలో ఒకటి చెప్పితీరాలి. ఆ అట్ట మీద ఖాళీ కుర్చీ, దాని వీపుకి ఆరేసిన తెల్ల చొక్కా తప్ప ఇంకేమీ లేదు. ఎవరో చనిపోయారని దాదాపు అందరం రాశాం. ఖాళీ కుర్చీ కనిపిస్తే చాలు, మనవాళ్లు ముందు మనిషిని చంపేస్తారు. మన సభ్యుల్లో అందరికన్నా చిన్నదైన ఒకమ్మాయి మాత్రం, ‘చొక్కా కుడి చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది, ఎడమ చెయ్యి మడవలేదు, గుండీ కూడా పెట్టే ఉంది, ఇతను ఎడమ చేతి మీద ఏదో దాస్తున్నాడు’ అని రాసింది. నవల చదివితే కథంతా నడిచింది ఆ చేతి మీది పచ్చబొట్టు చుట్టూనే. ఆ చిన్న గుండీని చిత్రకారుడు పనిగట్టుకుని వేశాడు. చూసిన కన్ను ఒక్కటే. చీటీ చదివాక అందరం పుస్తకం మూసి మళ్లీ అట్ట చూసుకున్నాం.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది అట్టల ప్రదర్శన. మూడేళ్లుగా కాగితం మీదే ఉన్న ఆలోచన ఇది. నడిపించింది ప్రదర్శన ఉపసంఘం కన్వీనర్ గారు. ఆవిడ పేరు చెప్పొద్దన్నారు, కానీ ఇక్కడున్న అందరికీ తెలుసు.

ప్రదర్శన మొదటి గోడ మీద అట్ట ఏం దాచాలి అన్న విషయం పెట్టాం. 1915లో ‘మెటమార్ఫసిస్’ పుస్తకంగా వస్తున్నప్పుడు, దాని రచయిత కాఫ్కాకి టెన్షన్ పట్టుకుంది. అది నిద్రలేచేసరికి పురుగైపోయిన మనిషి కథ, చిత్రకారుడు ఆ పురుగు బొమ్మ వేసేస్తాడేమోనని భయం. పురుగుని గీయొద్దు, దూరం నుంచి కూడా చూపించొద్దు అని ప్రచురణ సంస్థకి రాశాడు. మూసిన తలుపు ముందు తల్లిదండ్రుల్ని వేస్తే బాగుంటుందని తనే సూచించాడు. చివరికి అట్ట మీదికి వచ్చింది మొహం చేతుల్లో దాచుకున్న ఒక మనిషి, అతని వెనక కాస్త తెరిచిన తలుపు, తలుపు లోపల చీకటి. దాని పక్కనే ఆ తర్వాతి కాలపు ముద్రణలు పెట్టాం. వాటిలో చాలావాటి మీద కాళ్లు, మీసాలతో సహా పురుగు నిక్షేపంగా ఉంది! చూసినవాళ్లు నవ్వారు. కథలో అసలు సంగతిని అట్ట మీదే విప్పి చెప్పేవాళ్ల మీద నాకున్న కోపం సగం ఆ గోడ దగ్గరే తీరింది.

రెండో బల్ల దగ్గర ఎప్పుడూ జనమే. సినిమాల్లోకి రాకముందు, వచ్చాక కూడా సత్యజిత్ రాయ్ కలకత్తాలోని ప్రచురణ సంస్థ సిగ్నెట్ ప్రెస్‌కి అట్టలు వేశారు. హిమాలయాల్లోని కుమావూ ప్రాంతపు నరభక్షక పులుల మీద వేటగాడు జిమ్ కార్బెట్ రాసిన పుస్తకం బెంగాలీలో వచ్చినప్పుడు అట్టని మొత్తం పులిచర్మం చేసేశారు. ముందు అట్ట మీద తూటా దిగిన చిన్న రంధ్రం, వెనక అట్ట మీద అదే తూటా బయటికొచ్చిన పెద్ద రంధ్రం. ఇది నవల కాదు కదా అని ఒకరిద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కాదు, అయినా పెట్టాం. వెనక అట్టని ధర, పొగడ్తలు వేసుకునే చోటుగా చూసేవాళ్లకి అది చూపించాలి. ఆ అట్ట నకలుని పుస్తకంలా మడిచి బల్ల మీద ఉంచితే, వచ్చిన ప్రతివాళ్లూ ముందు రంధ్రం మీద వేలు పెట్టి, తిప్పి, వెనక రంధ్రం వెతుక్కున్నారు. సాయంత్రానికి కాగితం అక్కడ నల్లబడిపోయింది.

బాపు గారి గోడ గురించి వేరే చెప్పాలా? 1933లో పుట్టి 2014లో వెళ్లిపోయిన ఆ మనిషి గీతనీ, అక్షరాన్నీ చూసి నవల చేతిలోకి తీసుకున్న తరాలు మనవి. ఆయన చేతిరాతే తర్వాత కంప్యూటర్‌లో ఫాంట్ అయింది. ఆ గోడ ముందు పెద్దవాళ్లు ఏ నవల ఏ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందో పోటీపడి చెప్పుకున్నారు. నాకు తట్టింది వేరే. ఆయన బొమ్మ కింద సంతకం ఉండేది. అందుకే బొమ్మ ఎవరిదని ఎవరూ అడగాల్సిన పని రాలేదు. ఇప్పుడొస్తున్న అట్టల్లో సగానికి సంతకం లేదు, లోపల పేరూ లేదు. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

ముద్రణ మూలలో ఒక విశ్రాంత ప్రెస్ ఉద్యోగి రోజంతా నిలబడి ఓపిగ్గా చెప్పారు. తెర మీద చూసిన అట్ట పుస్తకంగా చేతికొచ్చేసరికి ఎందుకు వెలవెలబోతుందని మనవాళ్ల పాత ఫిర్యాదు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది. ప్రెస్ నాలుగు సిరాలతో అద్దుతుంది. కళ్లు చెదిరే నీలాలు, ఆకుపచ్చలు కొన్ని ఆ సిరాలకి అందవు. స్పైన్ (పుస్తకం వీపు) లెక్క కూడా చేసి చూపించారు. 320 పేజీలంటే 160 కాగితాలు. ఒక్కో కాగితం మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే స్పైన్ 16 మిల్లీమీటర్లు. చివరి నిమిషంలో రచయిత ఇంకో యాభై పేజీలు చేర్చాడా, అట్ట మొత్తం మళ్లీ సర్దాలి. సర్దకపోతే స్పైన్ మీది పేరు పక్కకి జారిపోతుంది. అలా జారిపోయిన పుస్తకాలు తెమ్మంటే సభ్యులు సంచులతో తెచ్చారు.

సాయంత్రం ఒక యువ చిత్రకారిణి వచ్చి, తను వేసిన ఒక అట్టకి ముందు తిరస్కరించిన చిత్తు బొమ్మలన్నీ పరిచి చూపించారు. చిన్న బొమ్మగా ఫోన్‌లో కనపడాలి కాబట్టి పేరు పెద్దది చెయ్యమన్నారట, తర్వాత మనిషి మొహం పెట్టమన్నారట, ఆ తర్వాత మొహం తీసెయ్యమన్నారట. చివరికి అచ్చయింది మొదటి చిత్తుకి దగ్గరగా ఉన్నదే. ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు మనసులో ఉన్నది కూడా చెప్పేస్తాను. ప్రదర్శనకి వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్ల జాబితా నిండా ఉంది. పొద్దున బల్లలు మోయడానికి వచ్చినవాళ్లు ఒక ఆటోలో పడతారు. ఫొటోల సమయానికి మాత్రం అందరూ ఉన్నారు. హాలు ఇచ్చే కార్యాలయం వారు అనుమతి పత్రం ముందురోజు సాయంత్రం దాకా ఆపి, తీరా ఇచ్చాక గోడలకి మేకులు కాదుకదా టేపు కూడా అంటించకూడదన్నారు. రాత్రికి రాత్రి తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో అట్టలు వేలాడదీసిన నలుగురికీ ఈ సభ చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను. ప్రారంభిస్తామని మాటిచ్చిన అధికారి రాలేదు. ఆయన కోసం గంటసేపు రిబ్బను కత్తిరించకుండా నిలబెట్టడం ఇకముందు వద్దని కార్యవర్గానికి నా మనవి.

ప్రదర్శన తర్వాత చేసిన తీర్మానం ప్రకారం, ముఖచిత్రం వేసినవారి పేరు పుస్తకంలో తప్పనిసరిగా అచ్చువేయాలని కోరుతూ ప్రచురణ సంస్థలకి ఉత్తరాలు రాశాం. ఎక్కువమంది దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకరు మాత్రం, పాఠకులు రచయిత పేరు చూసి కొంటారుగానీ బొమ్మ చూసి కాదు అని జవాబిచ్చారు. మరి పుస్తకం రావడానికి నెలల ముందే ఆ బొమ్మని ఊరూరా ఎందుకు చూపిస్తున్నారో ఆ జవాబులో లేదు. ఒక చిన్న ప్రచురణకర్త మటుకు రెండో ముద్రణలో వెనక అట్ట మీద చిత్రకారుడి పేరు వేసి, ఒక ప్రతి మనకి పంపారు. అది గ్రంథాలయ బీరువాలో పై అరలో ఉంది. వారికి ధన్యవాదాలు.

యంత్రం తయారుచేసిన బొమ్మల అట్టల మీద చర్చ తెగలేదు. అట్ట బాగుంటే ఎవరు వేస్తేనేం అని కొందరు, చీటీలు రాసే ఆటే చచ్చిపోతుందని కొందరు. నాది రెండో పక్షం. ఆ చొక్కా గుండీ ఎవరూ కావాలని పెట్టింది కాకపోతే, దాన్ని చూసి ఊహించడానికి ఏముంటుంది? ప్రస్తుతానికి అలాంటి అట్టల్ని జాబితాలో ఉంచుతాం, ఊహల కవర్లకి తీసుకోం. నచ్చనివాళ్లు వచ్చే సమావేశంలో సవరణ పెట్టవచ్చు, కాకపోతే సమావేశానికి రావాలి.

జమాఖర్చులు కోశాధికారి గారు ఇచ్చిన పత్రంలో ఉన్నాయి. ఆడిటర్ చూశారు. ప్రదర్శన ఖర్చు అంచనా దాటింది, విరాళాలతో సర్దుకుంది. చందా బకాయిలు ఉన్నవాళ్లకి తాము ఎవరో తెలుసు.

కృతజ్ఞతలు: తమ పాత నవలల్ని అట్టలు నలగకుండా తెచ్చి ఇచ్చి, ప్రదర్శన అయ్యేదాకా వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దలకి; బోర్డుల మీద అక్షరాలు రాసిన కుర్రాళ్లకి; పోస్టర్లు అచ్చువేసి బిల్లు తగ్గించిన ప్రెస్ వారికి; వార్త వేసిన పత్రికలకి; మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కిటికీ తలుపులన్నీ తెరిచి, సందర్శకుల్ని నిలబెట్టి కబుర్లు చెప్పిన ఉపాధ్యక్షులకి. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే సభ ముగిసేలోగా చెప్పండి, మినిట్స్‌లో చేరుస్తాను.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు మీ ముందున్నాయి. ఒకటి, తిరస్కరణకి గురైన అట్టలతో చిన్న ప్రదర్శన. దీనికి చిత్రకారుల అనుమతి తీసుకోవాలి, ఆ బాధ్యతకి ఇద్దరు కావాలి. రెండు, ఈ నెలాఖరుకి రావాల్సిన చారిత్రక నవల ఊహల కవర్లు. అట్ట మీద పడవ ఉంది, నీళ్లు లేవు. చీటీలు వెనక బల్ల మీద పెట్టాం. వెళ్లేముందు రాసి అంటించి వెళ్లండి, పేరు రాయడం మర్చిపోకండి. బల్లలు సర్దడానికి ఉండేవాళ్లు ఇప్పుడే చెయ్యెత్తితే ఎన్నికల అంశం మొదలుపెడదాం.

కార్యదర్శి