బృందగాన పర్యటనలో వాద్యాల పత్రాలపై ఫిర్యాదు

పర్యటనల విభాగం మేనేజర్ గారికి,

విషయం: సరిహద్దు వద్ద మా పాఠశాల వాద్యాలు నిలిచిపోవడం గురించి.

అయ్యా,

మా పాఠశాల బృందగానం పిల్లల వెంట పొరుగు దేశానికి వెళ్ళిన సంగీత ఉపాధ్యాయురాలిని. పాస్‌పోర్టులు, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు మేమే చూసుకున్నాం, వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. వాద్యాలకు ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం తెప్పించి, దానిపై కస్టమ్స్ ముద్రలు వేయించే బాధ్యతను మాత్రం మీ సంస్థ విడిగా రుసుము తీసుకుని ఒప్పుకుంది. నా ఫిర్యాదు ఆ పని గురించే.

1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం కింద జారీ అయ్యే ఈ కార్నెట్ ఉంటే, వాద్యాలను సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకువెళ్ళి తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే బయలుదేరేటప్పుడు స్వదేశపు కస్టమ్స్ దాన్ని ధ్రువీకరించాలి, జాబితాలోని వివరాలు వస్తువులతో సరిపోవాలి. ఇదే వ్యాపారంలో ఉన్న మీకు ఈ రెండూ తెలియనివి కావు. అయినా, పాస్‌పోర్టు తనిఖీ అయితే చాలని మీ కార్యాలయం చెప్పిందంటూ డ్రైవరు మన వైపు కస్టమ్స్ కౌంటరు దగ్గర బస్సు ఆపనే లేదు. అవతలి అధికారి కీబోర్డును తిరగేసి, అడుగున అంటించిన చీటీ మీద టార్చి వేసి, సీరియల్ నంబరును మీ జాబితాతో పోల్చి చూస్తే చివరి రెండు అంకెలు తారుమారై ఉన్నాయి. సెల్లో అసలు జాబితాలోనే లేదు. మేము ఫొటోలతో సహా పంపిన వివరాల్లో రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆ మెయిలు ప్రతిని జతపరుస్తున్నాను. ముద్ర ఒక్కటే లోపమైతే వెనక్కి వెళ్ళి వేయించుకునేవాళ్ళం, కానీ జారీ అయిపోయిన జాబితాలో కొత్త వస్తువును చేర్చడానికి వీల్లేదు. వాద్యాలను అక్కడే అప్పగించి ముందుకు సాగక తప్పలేదు.

నెలల తరబడి కీబోర్డు, సెల్లో తోడుగా సాధన చేసిన పాటలను పిల్లలు నా శ్రుతిదండం ఇచ్చే 440 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఆధారంగా పాడవలసి వచ్చింది. రెండో పాట సగానికి వచ్చేసరికి కింది స్వరం పాడేవారి శ్రుతి దిగిపోయింది, పై స్వరం పాడేవారు బెదురుగా నా వైపు చూశారు. సెల్లో వాయించవలసిన అమ్మాయి కార్యక్రమం ముగిసేదాకా వేదిక పక్కన ఖాళీ చేతులతో నిలబడి ఉంది. పిల్లల తప్పు ఇసుమంతైనా లేదని సభకు చెప్పుకోవలసిన పరిస్థితి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

సరిహద్దు అధికారుల నిర్ణయాలకు మీరు బాధ్యులు కారని మీ జవాబులో రాశారు. అధికారులు తమ ముందున్న కాగితం చూసి నిర్ణయించారు, ఆ కాగితం నింపింది మీరు. కాబట్టి కార్నెట్ కోసం తీసుకున్న రుసుమంతా తిరిగి చెల్లించాలని, సరిహద్దులో వాద్యాలను భద్రపరిచినందుకు మేము కట్టిన ఖర్చు భరించాలని, ఈ తప్పు ఎవరి స్థాయిలో జరిగిందో పిల్లల తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే పాఠశాల తరఫున వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము.

ఇట్లు,
సంగీత ఉపాధ్యాయురాలు,
పాఠశాల బృందగాన విభాగం