కాల్పుల విరమణకు ముందే తుపాకుల లెక్క తేల్చండి: విదేశాంగ మంత్రికి కడప నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం. వేర్పాటు పోరు ఆగిన చోటికి పర్యవేక్షకుల్ని పంపమని ఏ దేశమైనా మనల్ని అడిగితే, సరే అనేముందు ఒప్పందంలో అంకెలున్నాయో లేదో చూడమని ఈ విన్నపం.

1987 జులై 29 నాటి భారత్-శ్రీలంక ఒప్పందంలో గడువైతే ఉంది: కాల్పులు ఆగిన 72 గంటల్లో ఆయుధాలన్నీ అప్పగించాలి. ఎన్ని అన్నది మాత్రం లేదు. అక్కడి వేర్పాటు సాయుధులైన తమిళ పులులు (ఎల్టీటీఈ) కొన్ని ఇచ్చి మిగతావి దాచుకుంటే, ఇంకా ఉన్నాయని చూపే కాగితం లేకపోయింది. అక్కడ మన శాంతిసేనకు రాజకీయ సలహాదారుగా పనిచేసిన మీకు ఆ తర్వాతి కథ మేం చెప్పనక్కర్లేదు. మా సీమలోనూ అంతే, ఎవరింట్లో ఎన్ని నాటుబాంబులున్నాయో తేలని రాజీ మళ్లీ తిరునాళ్ల దాకా నిలవదు.

ఇండోనేసియా ప్రభుత్వానికీ, ఆచే రాష్ట్ర వేర్పాటు తిరుగుబాటుదారులకూ మధ్య 2005 ఆగస్టు 15న హెల్సింకీలో కుదిరిన ఒప్పందం చూడండి. అప్పగించాల్సిన ఆయుధాలు 840, ఆయుధం వదలాల్సిన యోధులు 3,000 మంది, డిసెంబరు 31 గడువు. నాలుగు విడతలు, ప్రతి విడతకూ జతగా ఇండోనేసియా బలగాలు వెనక్కి. చివరికి ఉండాల్సిన సైనికులు 14,700, పోలీసులు 9,100 అని కూడా రాసుకున్నారు. తిరుగుబాటుదారులు తెచ్చినవి వెయ్యి దాటితే, పర్యవేక్షకులు పనికిరానివి తోసేసి 840 తేల్చారు. ఏది తుపాకీ, ఏది తుప్పు ఇనుమో ముందే రాసుకోకపోతే తగువంతా అక్కడే. పైగా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారమూ ఆ బృందానికి ఉంది.

మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారన్నదీ చూడాలి. శ్రీలంకలో 2002 విరమణను చూసింది ఐదు నార్డిక్ దేశాలవారు. 2006 మేలో ఐరోపా సమాఖ్య పులుల్ని ఉగ్రవాద జాబితాలో చేర్చింది. సమాఖ్య సభ్యులు వద్దని పులులు పట్టుబట్టారు. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ వెళ్లిపోయాయి. నార్వే, ఐస్‌లాండ్ మిగిలాయి. బదులు వచ్చే దేశాల పేర్లు మొదటి రోజే రాసి ఉంచాలి.

పగటి గస్తీ రాత్రి ఫిరంగిని పట్టుకోలేదు. తూర్పు ఉక్రెయిన్‌లోని డోన్‌బాస్‌లో ఐరోపా భద్రతా సహకార సంస్థ (ఓఎస్‌సీఈ) కెమెరాలు, డ్రోన్లు పెట్టింది. డ్రోన్ల సంకేతాలను జామ్ చేశారు. పేలుళ్లు లెక్కపెట్టారు గానీ, పేల్చిందెవరో రోజువారీ నివేదికల్లో చెప్పలేదు. ఆ సంస్థలోని 57 దేశాల్లో ఒక్కటి కాదన్నా పర్యవేక్షణ గడువు పెరగదు. రష్యా కాదంది, 2022 మార్చి 31తో సరి.

ఇక పటం. హోం శాఖ పద్దు కదా అనకండి: 2001 జూన్‌లో కేంద్రానికీ నాగా తిరుగుబాటుదారులకూ మధ్య ఉన్న విరమణకు "ప్రాంతీయ పరిమితులు లేవు" అని బ్యాంకాక్‌లో రాసిన పాపానికి, అది తమ నేలకూ పాకుతుందన్న కోపంతో మణిపూర్ రాజధాని ఇంఫాల్ తగలబడింది. విరమణ ఏ ఊరి పొలిమేర దాకానో గీత గీయించి, ఆ పటాన్ని ఒప్పందానికి అనుబంధంగా కుట్టించాకే మన పర్యవేక్షకుల పేర్లు పంపండి.

ఇట్లు,
యుద్ధ విరమణ ఒప్పందాలు చదివి బోధించే కొందరు,
కడప